ఏడంగుళాల తెర మీద నలభై ఫ్రేములు

మా ఇంట్లో టీవీ మీద నాకు హక్కు లేదు. సాయంత్రం ఆరున్నర నుంచి అమ్మ సీరియళ్లు, ఆ తర్వాత పాప కార్టూన్లు, మ్యాచ్ ఉన్న రోజు నాన్న. నా డెస్క్‌టాప్ ఉన్న మూలలోకి పాప పుట్టినప్పుడు ఉయ్యాల వచ్చింది. ఉయ్యాల తీసేశాక ఆ మూల మళ్లీ నాదవుతుందనుకున్నాను. బీరువా వచ్చింది. అలా నాలుగేళ్లు గడిచాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో సేల్ పెట్టినప్పుడల్లా గేమ్‌లు కొనడం మాత్రం మానలేదు, ఆడటమే మానేశాను.

2025 మార్చిలో నా స్నేహితుడొకడు డల్లాస్ వెళ్లిపోతూ ఇల్లు ఖాళీ చేశాడు. వాషింగ్ మెషీన్, మిక్సీ, రెండు కుర్చీలతో పాటు ఆసుస్ ఆర్‌ఓజీ అలై కూడా అమ్మకానికి పెట్టాడు. 2023 జులైలో మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 69,990 రూపాయలు. "నీకైతే ముప్ఫై ఎనిమిది వేలు, బేరం ఆడకు మామా" అన్నాడు. ఆడలేదు. కుర్చీలు కూడా తెచ్చుకున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఇది చేతిలో పట్టుకుని ఆడే పూర్తిస్థాయి కంప్యూటర్. ఏడంగుళాల తెర, 1920×1080 పిక్సెళ్లు, సెకనుకు 120 సార్లు మారే రిఫ్రెష్ రేటు. లోపల ఏఎండీ వాళ్ల జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్, 16 జీబీ ర్యామ్. గ్రాఫిక్స్‌కి విడిగా కార్డు ఉండదు, ఆ చిప్‌లోనే ఒక పక్క ఉంటుంది. బ్యాటరీ 40 వాట్ అవర్లు. ఈ బ్యాటరీ అంకె ఒక్కటి గుర్తుంచుకోండి, మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి మూడు నెలలు దాంతో వచ్చిన విండోస్ 11 మీదే ఆడాను. ఆడాను అనడం కన్నా, ఆడటానికి సిద్ధమయ్యాను అనాలి. నాకు దొరికేది రాత్రి పాప పడుకున్నాక అరగంట. మౌస్‌కీ పెద్ద తెరకీ పుట్టిన సిస్టమ్ అది. ఏడంగుళాల మీద కిటికీ మూలనున్న చిన్న ఇంటూ గుర్తుని బొటనవేలితో నొక్కడం నాకు చేతకాలేదు. గేమ్ మధ్యలో పాప లేస్తే సేవ్ చేసి, మూసి, షట్‌డౌన్ చేసి వెళ్లేవాణ్ని. తిరిగొచ్చి మళ్లీ అన్నీ తెరిచేసరికి నాకే నిద్ర వచ్చేది.

ఆ టైంలో మా ఆఫీసులో ఒకతని దగ్గర స్టీమ్ డెక్ చూశాను, స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ చేసిన ఇలాంటి యంత్రమే. వాల్వ్ దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు, అమెరికా నుంచి వస్తున్న వాళ్లన్నయ్య సూట్‌కేసులో తెప్పించుకున్నాడు. క్యాంటీన్‌లో ఆడుతూ ఆడుతూ ఫోన్ వస్తే పవర్ బటన్ ఒక్కసారి నొక్కి పక్కన పెట్టాడు. మాట్లాడాక మళ్లీ నొక్కాడు. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది, అక్కణ్నుంచే దించాడు. నాకు కావాల్సింది అదీ! చిప్ బలం చూస్తే నాది అతనిదానికన్నా ఎక్కువ, అయినా ఆ రోజు నాకు నాది పాతబడ్డట్టు అనిపించింది.

డెక్‌లో విండోస్ బదులు ఉండేది స్టీమ్‌ఓఎస్ అనే సిస్టమ్, లినక్స్‌లో ఆర్చ్ అనే రకం మీద కట్టింది. 2025 మేలో లెనోవో వాళ్ల ఇలాంటి యంత్రం లీజియన్ గో ఎస్‌కి కూడా అధికారికంగా వచ్చింది. నేను మాత్రం బజైట్ వైపు వెళ్లాను. అది ఫెడోరా అనే మరో రకం లినక్స్ మీద కట్టిన సిస్టమ్, ఆన్ చేయగానే డెక్‌లాగే నేరుగా స్టీమ్ గేమింగ్ మోడ్‌లోకి తెరుచుకుంటుంది. అలై మీదున్న ప్రత్యేక బటన్లనూ, చిప్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలన్న సెట్టింగునీ నేను ఎక్కించినప్పుడు హ్యాండ్‌హెల్డ్ డీమన్ అనే చిన్న ప్రోగ్రాం చూసుకునేది. పేరులో డీమన్ ఉందని కంగారుపడకండి, లినక్స్‌లో వెనక నిలబడి పనిచేసే ప్రతిదాన్నీ అలాగే పిలుస్తారు.

ఒక శనివారం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి యూఎస్‌బీ సీ హబ్ కొన్నాను. ఈ మోడల్‌కి ఉన్నది ఒక్కటే యూఎస్‌బీ సీ పోర్టు. పెన్‌డ్రైవ్, కీబోర్డు, ఛార్జర్ మూడూ దానిలోంచే వెళ్లాలి కాబట్టి ఛార్జింగ్‌ని లోపలికి పంపే హబ్ అయితేనే పనికొస్తుంది. ఇది ముందు తెలియక మామూలు హబ్‌తో ఒక వారం వృథా చేశాను.

ఇక అసలు తప్పు. ఎక్కడో సగం చదివి, లినక్స్ ఎక్కించాలంటే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే తెరవనిచ్చే కాపలా) ఆపాలనుకున్నాను. వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేసి, కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి ఆపేశాను. అప్పుడు గుర్తొచ్చింది, క్లౌడ్ సేవ్ లేని ఒక పాత గేమ్‌లో నావి నలభై గంటలు ఉన్నాయి, ఆ ఫైలు కాపీ చేసుకోలేదు. సరే, ఒకసారి విండోస్‌లోకి వెళ్లి తెచ్చుకుందాం అనుకుని బూట్ చేశాను. నీలం తెర వచ్చింది. డిస్క్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ ఇవ్వమంది. 48 అంకెలు.

ఆ కీ నా దగ్గర లేదు. స్నేహితుడు తన అకౌంట్ తీసేసి ఇచ్చాడే కానీ డిస్క్ రీసెట్ చేయలేదు, నేనూ అడగలేదు. కీ అతని అకౌంట్‌లోనే ఉండిపోయింది. రాత్రి పదకొండుకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, భోజనానికి కూర్చున్నాడు.

"మామా, నీ అకౌంట్‌లో నలభై ఎనిమిది అంకెలు ఉంటాయి, చదవరా."

"అమ్మిన వస్తువుకి ఇంత సర్వీసు ఎవడూ ఇవ్వడు" అంటూనే చదివాడు. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. నాలుగో గుంపులో ఏడుని ఒకటిగా విన్నాను. వీడియో కాల్‌లో తెర చూపించమంటే చేతికి సాంబారు ఉందన్నాడు. రెండోసారికి తెరుచుకుంది. సేవ్ ఫైలు పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. బజైట్‌కి సెక్యూర్ బూట్ ఆపాల్సిన పనే లేదనీ, వాళ్లిచ్చే కీని ఒకసారి నమోదు చేస్తే చాలనీ తర్వాత తెలిసింది. ఆ సంగతి డల్లాస్‌కి చెప్పలేదు.

ఇన్‌స్టలేషన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. డిస్క్ మొత్తం తుడిచేయమన్నాను, టీ పెట్టుకుని తాగేలోపు అయిపోయింది. రీస్టార్ట్ అయ్యి స్టీమ్ తెర వచ్చింది. ఒక గేమ్ ఎక్కించి, పవర్ బటన్ నొక్కి, మూడు నిమిషాలు ఆగి, మళ్లీ నొక్కాను. ఆగినచోటే లేచింది. నాకు ఆ రాత్రికి అది చాలు.

మర్నాడు మొదలైంది తలనొప్పి. సైబర్‌పంక్ 2077 దాదాపు 70 జీబీ. మళ్లీ దించుకోవడం ఎందుకని ముందే దాన్ని బయటి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి పెట్టుకున్నాను. స్టీమ్ ఆ డిస్క్‌ని గుర్తించింది, గేమ్ ఉందని చూపించింది. ప్లే నొక్కితే మాత్రం ఒక్క క్షణం తిరిగి, మళ్లీ ప్లే దగ్గరికే వచ్చేది. ఎర్రర్ ఉండదు, మెసేజ్ ఉండదు. రెండు సాయంత్రాలు దీనికే పోయాయి.

కారణం అర్థం కావాలంటే లినక్స్ మీద విండోస్ గేమ్ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. దీని వెనకున్నది వైన్, 1993 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు. వైన్ విండోస్‌ని అనుకరించదు, దుబాసీ పని చేస్తుంది. గేమ్ విండోస్ భాషలో "ఈ ఫైలు తెరువు" అంటే, దాన్ని లినక్స్ భాషలో చెప్పి పని చేయిస్తుంది. వాల్వ్ 2018లో దీనికి మరికొన్ని జోడించి ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లో పెట్టింది. బొమ్మల విషయంలో ఇంకో ఇద్దరు దుబాసీలు ఉంటారు: విండోస్ గేమ్‌లు బొమ్మలు గీయించుకునే పాత డైరెక్ట్‌ఎక్స్ మాటల్ని లినక్స్‌కి తెలిసిన వల్కన్‌లోకి మార్చేది డీఎక్స్‌వీకే, డైరెక్ట్‌ఎక్స్ 12ని మార్చేది వీకేడీత్రీడీ ప్రోటాన్. గేమ్‌కి తాను పరాయి ఊళ్లో ఉన్నానని తెలియదు.

తెలియకుండా ఉండటానికి ప్రోటాన్ ఒక్కో గేమ్‌కీ ఒక్కో ఉత్తుత్తి సీ డ్రైవ్ కట్టిపెడుతుంది. ఆ ఫోల్డర్‌లో "సీ" అక్షరం పక్కన రెండు చుక్కలున్న పేరుతో ఒక లింకు ఉంటుంది. నా ఎస్‌ఎస్‌డీ విండోస్ కాలం నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంది. విండోస్ లెక్కలో ఫైలు పేరులో ఆ రెండు చుక్కలు నిషిద్ధం. అక్కడే చిక్కుకుంది. ఫైళ్లు వృథా కాలేదులెండి. లోపలి డిస్క్‌కి కాపీ చేసి, స్టీమ్ చేత ఒకసారి వెరిఫై చేయించాను, మళ్లీ దించకుండానే నడిచింది. తర్వాత ఎస్‌ఎస్‌డీని లినక్స్ ఫార్మాట్ అయిన ఎక్స్‌ట్4కి మార్చేశాను. నలభై గంటల సేవ్ ఫైలు కూడా అదే ఉత్తుత్తి సీ డ్రైవ్‌లో, విండోస్‌లో ఉండే చోటే పెడితే గేమ్ మారుమాట లేకుండా తీసుకుంది.

ఇప్పుడు అప్‌స్కేలింగ్. నెలన్నర నన్ను పట్టుకున్న పిచ్చి ఇదే.

లెక్క తేలికే. 1920×1080 అంటే ఇరవై లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఇంత చిన్న చిప్ ఒక్కో ఫ్రేముకీ (తెర మీద మారే ఒక్కో బొమ్మకీ) అన్నిటికీ రంగు కట్టాలంటే ఆయాసపడుతుంది. 1280×720లో గీయమంటే పని తొమ్మిది లక్షల పిక్సెళ్లకి తగ్గుతుంది, సగం కన్నా తక్కువ. ఆ చిన్న బొమ్మని తెరంతా పరవడమే అప్‌స్కేలింగ్. ఎలా పరుస్తారన్నదే గొడవంతా.

నేను మొదట చేసింది ఏమిటంటే, స్టీమ్ పక్క మెనూలో స్కేలింగ్ ఫిల్టర్ అనే చోట "షార్ప్" ఎంచుకున్నాను. దాని లోపల ఉన్నది ఏఎండీ 2021 జూన్‌లో విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ అనే అప్‌స్కేలర్ మొదటి వెర్షన్. అది పెట్టగానే బొమ్మకి ప్రాణం వచ్చినట్టు అనిపించింది. మా ఆవిడని పిలిచి చూపించాను కూడా. మూడు రోజుల తర్వాత తెలిసింది, గేమ్ లోపల రిజల్యూషన్ 1080లోనే ఉంది. తెర ఎంతో బొమ్మా అంతే ఉంటే ఆ ఫిల్టర్‌కి చేయడానికి పనే ఉండదు. మూడు రోజులు నేను మురిసిపోయింది ఏమీ చేయని మీటని చూసి. అప్పటి నుంచి ఎవరైనా "ఈ సెట్టింగు పెట్టాక తేడా కనిపించింది" అంటే ముందు నన్ను నేను గుర్తుచేసుకుంటాను.

గేమ్‌ని 720కి దించాక ఫిల్టర్ నిజంగా పనిచేసింది. వేగం పెరిగింది. కానీ సబ్‌టైటిళ్లు పీచుపీచుగా వచ్చాయి, మ్యాప్ మీద చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి. గేమ్ లోపలి మెనూలో ఉన్న ఎఫ్‌ఎస్‌ఆర్ పెడితే అదే 720 నుంచి వచ్చే బొమ్మలో అక్షరాలు మాత్రం చాకులా ఉన్నాయి. ఎందుకో తెలియక బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ముగ్గుతో చెప్తాను. పది చుక్కలు పెట్టి వేసిన ముగ్గుని ఇరవై చుక్కల వాకిట్లో పరచాలి. ఎఫ్‌ఎస్‌ఆర్ 1 చేసేది, పూర్తయిన ముగ్గు ఫొటో ఒకటి చూసి దాన్ని పెద్దది చేసి, గీతల అంచులు సరిదిద్ది, కాస్త పదును పెట్టడం. ఫొటోలో లేని చుక్క అది తేలేదు. పైగా స్టీమ్ మెనూలోని ఫిల్టర్ గేమ్ బయట కూర్చుంటుంది. గేమ్‌స్కోప్ అనే ప్రోగ్రాం గేమ్ పూర్తిగా గీసి ఇచ్చిన ఫ్రేముని అందుకుని పరుస్తుంది. అప్పటికే అక్షరాలు, ప్రాణాల గీత, తూటాల లెక్క అన్నీ ఆ చిన్న బొమ్మలో కలిసిపోయి ఉంటాయి. వాటినీ కలిపే సాగదీస్తుంది.

గేమ్ మెనూలో ఉన్నది 2022లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 2 రకం, దాని దారి వేరు. ప్రతి ఫ్రేములోనూ చుక్కల్ని పిక్సెల్‌లో ఒక పిసరు అటో ఇటో జరిపి పెడతారు. ఈ ఫ్రేములో దొరకని చుక్క కిందటి ఫ్రేములో దొరికి ఉంటుంది. అవన్నీ దాచుకుని కలిపితే పది చుక్కల ముగ్గులోంచి ఇరవై చుక్కల ముగ్గు తేలుతుంది. బొమ్మ కదలకుండా ఉంటే సులువే. కదులుతుంటే, ఏ వస్తువు ఎటు ఎంత జరిగిందో గేమ్ స్వయంగా చెప్పాలి, దూరాలు కూడా చెప్పాలి. అందుకే ఇది గేమ్ లోపలే ఉండాలి, బయటి నుంచి కుదరదు. లోపల ఉంది కాబట్టే ముందు లోకాన్ని పెద్దది చేసి, ఆ తర్వాత అక్షరాల్ని నిండు 1080లో దాని మీద రాస్తుంది. నా సబ్‌టైటిళ్ల రహస్యం అదీ.

ఇది తెలిశాక నా పద్ధతి మారింది. గేమ్‌లో సొంత అప్‌స్కేలర్ ఉంటే అదే, లేకపోతేనే స్టీమ్ ఫిల్టర్. ఎల్డెన్ రింగ్‌లో అలాంటిదేమీ ఇవ్వలేదు, దానికి ఇప్పటికీ బయటి ఫిల్టరే వాడతాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. సైబర్‌పంక్ మెనూలో ఎఫ్‌ఎస్‌ఆర్ పక్కనే ఇంటెల్ వాళ్ల అప్‌స్కేలర్ ఎక్స్‌ఈఎస్‌ఎస్ కూడా ఉంది, ఏఎండీ చిప్ మీద కూడా నడుస్తుంది. రెండిటినీ "క్వాలిటీ"లో పెట్టి పోల్చాను. ఎఫ్‌ఎస్‌ఆర్‌లో తడి రోడ్డు మీద నియాన్ లైట్లు బుసబుస నురగలా మెరిశాయి, నడిచే మనిషి వెనక పలచటి తోక కనిపించింది. ఎక్స్‌ఈఎస్‌ఎస్ నిలకడగా ఉంది, వేగం కూడా తక్కువేమీ కాదు. గెలిచేసింది అనుకుని రెండు వారాలు అందరికీ చెప్పాను. అసలు సంగతి, ఆ పేర్లు ఒకటే కానీ కొలతలు ఒకటి కావు. ఎఫ్‌ఎస్‌ఆర్ 2లో క్వాలిటీ అంటే ఒక్కో పక్కకి 1.5 రెట్లు పెంచడం, బ్యాలెన్స్‌డ్ 1.7, పెర్ఫార్మెన్స్ 2. ఎక్స్‌ఈఎస్‌ఎస్ 1.3 వెర్షన్ నుంచి క్వాలిటీ అంటేనే 1.7, బ్యాలెన్స్‌డ్ 2. అంటే నేను పోల్చింది 720నీ, దాదాపు 635నీ. తక్కువ పిక్సెళ్లతో గీస్తున్నందుకే దానికి వేగం కలిసొచ్చింది, ఒకే కొలతలో చూస్తే ఎఫ్‌ఎస్‌ఆర్ కన్నా దాని బరువు కొంచెం ఎక్కువ. అయినా నా కంటికి బొమ్మ దాందే బాగుంది, అది వేరే మాట. మెనూలో పేర్ల బదులు అంకెలు రాస్తే వీళ్ల సొమ్మేం పోతుందో.

ఎన్విడియా వాళ్ల అప్‌స్కేలర్ డీఎల్‌ఎస్‌ఎస్ గురించి అడుగుతారు కాబట్టి: అది వాళ్ల ఆర్‌టీఎక్స్ కార్డుల మీదే నడుస్తుంది, నా చిప్‌కి సంబంధం లేదు. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 మీద మాత్రం ఆశపడ్డాను. 2025లో ఆర్‌ఎక్స్ 9000 కార్డులతో వచ్చింది, మెషీన్ లెర్నింగ్‌తో నడుస్తుంది, అప్పటికి అధికారికంగా ఆ కార్డులకే. లినక్స్‌లో ప్రోటాన్ జీఈ అనే మరో ప్రోటాన్ వేసి, లాంచ్ ఆప్షన్‌లో ఒక మాట చేరిస్తే పాత తరం చిప్‌ల మీద కూడా నడిపించే దారి ఉందని తెలిసి ఒక ఆదివారం దానికి పెట్టాను. నడిచింది! నురగ పోయింది, తోక పోయింది. వేగం కూడా పోయింది. ఆ లెక్కల్ని చకచకా చేసిపెట్టే యూనిట్లు నా చిప్‌లో లేవు, వేరే దారిన చుట్టు తిరిగి చేయాలి. పెద్ద కార్డుకైతే ఆ బరువు లెక్కలోకి రాదేమో, నా చిప్‌కి మాత్రం తక్కువ పిక్సెళ్లు గీసి మిగిల్చుకున్న సమయమంతా దానికే ఖర్చయింది. వడ్డీ అసలుని మింగినట్టు. తీసేశాను.

ఫ్రేమ్ జనరేషన్‌తో కూడా ఇలాంటి ముచ్చటే. గీసిన రెండు ఫ్రేముల మధ్య ఒకటి ఊహించి చేర్చడం అది. మీటర్ మీద ముప్ఫై కాస్తా అరవై అవుతుంది, చేతిలో మాత్రం ముప్ఫైలాగే ఉంటుంది, ఇంకా కొంచెం ఆలస్యంగా కూడా. బటన్ నొక్కాక బండి తిరగడానికి పట్టే సమయంలో నేను రెండుసార్లు గోడకి కొట్టాను. అసలు వేగం ముందే బాగుంటే వాడుకోవచ్చు, లేని చోట అది అప్పు.

చివరికి నాకు నిజంగా పనికొచ్చింది అప్‌స్కేలర్ కాదు, ఫ్రేమ్ లిమిట్, అంటే సెకనుకు ఇన్ని ఫ్రేములు చాలని గీత గీయడం. తెర మూలన మ్యాంగోహడ్ అనే మీటర్ పెట్టుకుని నెలంతా దాన్నే చూస్తూ ఆడాను. 48, 53, 39, 57. అంకె పెద్దదైనా కంటికి కుదుపు. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7. ఈ రెండిటికీ సరిగ్గా మధ్యనున్నది 25 మిల్లీసెకన్లు. అంటే 45 కాదు, 40 ఫ్రేములు! పైగా నా తెర 120 సార్లు మారుతుంది, 120ని 40 నిశ్శేషంగా భాగిస్తుంది, ఒక్కో ఫ్రేమూ మూడేసి సార్లు కనపడుతుంది, ఎక్కడా ఎగుడుదిగుడు ఉండదు. లిమిట్ 40కి పెట్టి, చిప్‌కి 15 వాట్లు ఇచ్చి, ఎక్స్‌ఈఎస్‌ఎస్ బ్యాలెన్స్‌డ్ ఎంచుకున్నాను. లోపల గీసేది 960×540, అంటే అసలు పిక్సెళ్లలో పావు వంతు. కాగితం మీద వింటే సిగ్గుగా ఉంటుంది. మూరెడు దూరంలో ఏడంగుళాల తెర మీద చూస్తే ఆడటానికి బాగుంది. అదే టీవీకి తగిలించి చూశాను, ఒక పండక్కి ఇంట్లో అందరూ ఊరెళ్లినప్పుడు. అక్కడ పనికిరాదు, ముఖాలు మైనం బొమ్మల్లా ఉన్నాయి.

40 పెట్టాక ఇంకోటి కలిసొచ్చింది, బ్యాటరీ. 15 వాట్లు చిప్‌కే, తెరా ఫ్యానూ మిగతావీ కలిపి మొత్తం 22 వాట్లు లాగుతోంది. 40 వాట్ అవర్లని 22తో భాగిస్తే గంటా యాభై నిమిషాలు రావాలి. నాది రెండేళ్లు వాడిన బ్యాటరీ, గంటన్నర వస్తోంది. హేడీస్ లాంటి తేలిక గేమ్‌లకి 8 వాట్లు చాలు, వాటితో రెండు గంటలు దాటుతుంది. లిమిట్ లేని రోజుల్లో 25 వాట్ల టర్బోలో పెట్టుకుని మియాపూర్‌లో మెట్రో ఎక్కితే, ఎల్బీ నగర్‌లో దిగేలోపు ఎర్ర గుర్తు వచ్చేసేది.

అన్నీ నడుస్తాయా అంటే, నడవవు. మా శుక్రవారం బ్యాచ్ ఆడేది వాలరెంట్. మోసం చేసేవాళ్లని పట్టే దాని వాన్‌గార్డ్ యాంటీచీట్ విండోస్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో కూర్చుంటుంది, లినక్స్‌లో దానికి చోటే లేదు. ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి దారి తెరిచాయి, కానీ తెరవాలా వద్దా అన్నది ఆ గేమ్ తయారుచేసినవాళ్ల ఇష్టం. ఎల్డెన్ రింగ్ తెరిచింది. ఏపెక్స్ లెజెండ్స్ తెరిచి, 2024 అక్టోబర్ చివర మళ్లీ మూసేసింది. అందుకే పాత ల్యాప్‌టాప్ అమ్మలేదు, శుక్రవారం రాత్రికి అదే. మీరు ఆడేవన్నీ ఇలాంటి ఆన్‌లైన్ గేమ్‌లే అయితే ఇంతదూరం చదివినందుకు క్షమించండి, విండోస్‌లోనే ఉండండి. ఎపిక్ వాళ్లు వారం వారం ఉచితంగా ఇచ్చేవాటికి మాత్రం ఇబ్బంది లేదు, హీరోయిక్ అనే లాంచర్‌తో తెచ్చుకుని స్టీమ్‌లో చేర్చుకోవచ్చు.

మధ్యలో ఒకసారి నేనే చేయి పెట్టి చెడగొట్టాను. అవసరం లేని ప్యాకేజీ ఒకటి సిస్టమ్‌లోకి దూర్చాను, గేమింగ్ మోడ్ రావడం మానేసింది. ఇలాంటి సిస్టమ్‌లలో కిందటి రూపం పక్కనే భద్రంగా ఉంటుంది. బూట్ మెనూలో దాన్ని ఎంచుకోగానే నిన్నటి రోజులోకి వెళ్లిపోయాను. నా డెస్క్‌టాప్ కాలంలో ఇలాంటి తప్పుకి ఒక ఆదివారం మొత్తం పోయేది.

మ్యాంగోహడ్ తీసేసి రెండు నెలలైంది. అయినా ఒక పాత జబ్బు పోలేదు. సైబర్‌పంక్‌లోని నైట్ సిటీలో వీధుల మీద వేలాడే తీగలు ఆ 540లోంచి సరిగ్గా తేలవు, బండి పోతుంటే సన్నగా వణుకుతాయి. మొన్న రాత్రి వాటినే చూస్తూ సెట్టింగుల్లోకి వెళ్లబోతుంటే మా ఆవిడ అటు వంగి చూసింది.

"ఏమైంది?"

"ఆ తీగలు చూడు, ఊగుతున్నాయి."

"మన వీధిలో కరెంటు తీగలు ఊగవా? గాలి వస్తోందేమో."

బ్యాటరీ చూసుకున్నాను, ఇరవై నిమిషాలకి సరిపడా ఉంది. మెనూ మూసేసి బండి స్టార్ట్ చేశాను.